శంకరవ్వ చాయ్ వద్దనలేదు

కోరుట్ల,
10 అక్టోబర్ 2011.

డివిజనల్ అధికారి గారికి,
దక్కన్ విహారయాత్రల సంస్థ,
జగిత్యాల.

అయ్యా,

విషయం: తమ సంస్థ ఓడలో 14-4-2011 సాయంత్రం నా భార్య శంకరవ్వ తేనీరు "నిరాకరించినది" అని తమరు రాసిన వాక్యమును కొట్టివేయుట గురించి.

సూచిక: 1) నా అర్జీ, తేది 20-5-2011. 2) తమ జవాబు, తేది 26-8-2011.

సవినయంగా విన్నవించునది ఏమనగా, ముందుగా ఆ చివరి రోజు సంగతి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తమ జవాబులో అది ఒక వాక్యంలో ఉంది. ఒక వాక్యంలో పట్టేది కాదు.

ఆ రోజు ఓడ తిరుగు ప్రయాణంలో ఉంది. మర్నాడు ఉదయం రేవు చేరాలి. శంకరవ్వ పొద్దున్నే లేచింది. జడ నేను వేశాను. వంకరగా వచ్చింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని సముద్రం చూసింది. ఆమె జబ్బు సంగతి తమకు తెలుసు, డాక్టరు ఇచ్చిన కాగితం తమ ఫైలులోనే ఉంది. అన్నం మానేసి అప్పటికి ఆరు రోజులు. నాలుగు గంటలకు "చాయ్ తాగాలనిపిస్తంది. మరిగిచ్చిన చాయ్, అల్లం ఏసి" అంది. ఆరు రోజుల్లో ఆమె అడిగింది అదొక్కటే.

నేను వెళ్లి ముగ్గురిని అడిగాను. మొదటి మనిషి వేడినీళ్ల యంత్రం చూపించాడు. రెండో మనిషి పాలు మరిగించడం జాబితాలో లేదన్నాడు. తెల్లచొక్కా వేసుకున్న మూడో మనిషి పర్యవేక్షకుడు. ప్రయాణికులు వంటగది గడప తొక్కరాదన్నాడు. పాలు, గిన్నె ఇస్తే నేనే పెట్టుకుంటానన్నాను. గిన్నె కూడా జాబితాలో లేదు.

వెనుక మెట్ల దగ్గర పెద్ద గిన్నెలు తోముతున్న ఒక మనిషి, నాలో నేను తిట్టుకుంటున్నది విన్నాడు.

"ఏ ఊరు అన్నా మీది?"

"కోరుట్ల."

"అరె, మాది కొడిమ్యాల. నా పేరు బాబా మియా. ఎవల్ని తిడ్తున్నవ్?"

చెప్పాను.

"గంతేనా? ఐదున్నరకు మా పనోళ్ల చాయ్ మరుగుతది. అల్లం దంచి పోస్తం. ఒదినెకు ఒక గిలాస నేనే తెస్త. గది నంబర్ చెప్పు."

నేను వచ్చి శంకరవ్వకు చెప్పాను. "కొడిమ్యాలాయిననా? చక్కెర ఎక్కువ కొడ్తడు" అంది. కాని కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ఐదున్నరకు గదుల్లో సరఫరా చేసే మనిషి ఎప్పటిలాగే కాగితం కప్పు తెచ్చాడు. "అక్కడ పెట్టు నాయనా" అంది. అతను పెట్టి వెళ్లాడు. తర్వాత నాతో అంది: "అది ఉండనియ్యి. మంచిది అస్తంది గద. అదచ్చెదాక ఆగుత."

మరో పావుగంటకు బయట మాటలు వినిపించాయి. తలుపు తీశాను. పది అడుగుల దూరంలో బాబా మియా. చేతిలో స్టీలు గిలాస, మీద మూత. తెల్లచొక్కా మనిషి అడ్డం నిలబడ్డాడు. పనివాళ్ల చాయ్ ప్రయాణికులకు ఇవ్వరాదట. గిలాస లాక్కుని పక్కనున్న సింకులో పోశాడు. అల్లం వాసన గోడల మధ్య నిలిచింది. బాబా మియా నాకు వినపడేలా అన్నాడు: "అన్నా, నేనైతే తెచ్చిన. నువ్వు సూసినవ్."

నేను ఆ తెల్లచొక్కా మనిషితో వాదించాను. గదిలోకి తిరిగి వచ్చేసరికి ఆరు దాటి ఐదు నిమిషాలు. శంకరవ్వ తల కిటికీ వైపు వాలి ఉంది. కాగితం కప్పు నిండుగా ఉంది. ఆమె లేదు.

ఇక నా ఫిర్యాదులు.

1. మా గ్రంథాలయం బోర్డు మీద తమ కరపత్రం అంటించింది నేనే. గ్రంథపాలకుణ్ని కనుక అది నా పని. "సముద్రం మీద ఇరవై నాలుగు గంటలూ తేనీరు" అని అందులో ఉంది. ఇంట్లో చదివి వినిపిస్తే ఆమె ఓడ ఎక్కుతానంది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి, సముద్రం చూడలేదు. మార్చిలో ఇద్దరం తమ దగ్గరికి వచ్చాం. "సార్, నీళ్ల మీద మంచి చాయ్ దొరుకుతదా?" అని అడిగింది. తమరు నవ్వి, "అమ్మా, నడిరాత్రి అడుగు, ఇస్తరు" అన్నారు. "మా ఇంట్ల గూడ గట్లనే ఇస్తరు సార్. ఇచ్చేది నేనే" అంది. తమ అటెండరు శ్రీశైలం కూడా నవ్వాడు. అతన్ని సాక్షిగా చూపుతున్నాను.

2. ఓడలో మొదటి రోజు ఇచ్చిన తేనీరు వివరం: వేడినీళ్లు, దారం కట్టిన సంచి, పాలపొడి పొట్లం. శంకరవ్వ దారం పట్టుకుని సంచిని పైకెత్తి చూసింది. "గిదేంది, దీనికి గూడ దారం చుట్టిన్రు? ఎవలు చుట్టిన్రో గాని చెయ్యి తిరగలే. మా సేటయితే కట్ట మొకాన కొడ్తుండె" అంది. అని, కప్పంతా తాగింది. రెండో రోజూ తాగింది. ఎందుకు తాగిందో తమకు తెలియాలి. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల, మగ్గాల వాడ. ఒకరు పెట్టి ఇచ్చిన చాయ్ తిప్పి పంపితే ఆ మనిషిని గడపలోంచి తిప్పి పంపినట్టని అక్కడి లెక్క. పెళ్లయిన కొత్తలో నన్ను వెంటబెట్టుకుని ఒక్క పూటలో ఏడిళ్లు తిరిగి ఏడు గిలాసలు తాగింది. ఏడో ఇంట్లో నేను వద్దన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అటువంటి మనిషి "నిరాకరించినది" అని తమరు సంతకం పెట్టారు.

3. ఓడలో పాలు ఉన్నవి. అల్లం ఉన్నది. గిన్నె ఉన్నది. పెట్టే మనిషి ఉన్నాడు. రోజూ మరుగుతున్నది. ఆ ఓడలో మంచి చాయ్ దొరకని వాళ్లు టికెట్టు కొన్నవాళ్లు మాత్రమే. ఇది ఏ నియమం కింద వస్తుందో, ఆ నియమం నంబరు తెలుపవలసిందిగా మే నెలలో కోరాను. జవాబులో నంబరు లేదు.

4. తమ జవాబు యథాతథంగా: "సదరు ప్రయాణికురాలికి సా. 5.30 గం.లకు తేనీరు అందజేయబడినది. ప్రయాణికురాలు నిరాకరించినది. కావున ఫిర్యాదు మూసివేయబడినది. తమ తదుపరి యాత్రలో దంపతులిద్దరికీ రాయితీ వర్తించును." ఈ చివరి వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. నా మొదటి అర్జీ మొదటి వరుసలోనే "మరణించిన నా భార్య" అని ఉంది. తమరు అర్జీ చదవలేదని రాసి ఇచ్చి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

5. సెప్టెంబరులో నేను స్వయంగా వచ్చాను. తమరు అన్న మాటలు: "చాయ్ కోసం ఇంత లొల్లి ఏంది హన్మండ్లూ. సమ్మె నడుస్తంది, తెలంగాణ సంగతి చూడుండ్రి." తెలంగాణ సంగతి చూస్తూనే వచ్చాను. ఆ రోజు తమరు ఎదురుగా ఉన్న బండి నుంచి చాయ్ తెప్పించారు. మరిగించిన చాయ్. తమరు తాగారు, నాకూ ఇచ్చారు. నేను వద్దనలేదు.

6. నిరాకరించడమంటే ఏమిటో నాకు తెలుసు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సహాయ నిరాకరణ చేసిన ఉద్యోగుల్లో నేనొకణ్ని. పొద్దున సంతకం పెట్టి, పని ముట్టకుండా, సాయంత్రం దాకా కుర్చీలో కూర్చున్నాను. కాగితం తెచ్చిన పై అధికారి మొహం మీదే "చెయ్య" అని చెప్పాను. నిరాకరణలో ఒక మనిషి ఉంటాడు, ఒక మాట ఉంటుంది, ఆ మాటకు కారణం ఉంటుంది. కప్పు నిండుగా ఉన్నంత మాత్రాన పక్కనున్న మనిషి నిరాకరించినట్టు కాదు. ఆమె కాదనలేదు. ఆగింది.

7. ఇది రాయకూడదనుకున్నాను. ఆమె పోయిన మూడో రోజు కోరుట్ల వాగు ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దూరం జరిగి, పిట్ట దిగి ముట్టేదాకా నిలబడటం మా ఆనవాయితీ. చాయ్ తాహెరాబీ పెట్టి తెచ్చింది. ఆమె మా పక్కింటి మనిషి, శంకరవ్వతో కలిసి బీడీలు చుట్టేది. గంటన్నర నిలబడ్డాం. కాకులు చుట్టూ ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. సిరిసిల్ల నుంచి వచ్చిన శంకరవ్వ అక్క మొగిలవ్వ నా పక్కకు వచ్చింది.

"దాని పాణం చాయ్ల ఉన్నది మరిదీ. ఏదన్న ఒక మాట ఇయ్యి. గప్పుడు ముడ్తది."

నేను డిగ్రీ చదివినవాణ్ని. కాకికి మాట ఇవ్వడమేమిటి అనుకున్నాను.

తాహెరాబీ కొంగుతో మొహం తుడుచుకుంటూ అంది: "చెప్పన్నా. ఆమెను ఎండల ఎంతసేపు నిలవెడ్తవ్?"

అప్పుడు పైకే అన్నాను: "నీకు చాయ్ ఎందుకియ్యలేదో అడుగుత."

ఒక కాకి దిగింది. అన్నం దాటుకుని వెళ్లి గిలాస అంచు మీద ముక్కు పెట్టింది. అది అనుకోకుండా జరిగిందని నాకు తెలుసు. మాట మాత్రం నేను అనుకునే ఇచ్చాను. నా అర్జీలన్నిటికీ ఆధారం ఆ మాటే. తమ ఫైలులో దీనికి చోటు లేకపోతే చోటు చేసుకోండి.

8. ఇది తమ మీద ఫిర్యాదు కాదు, నా మీద. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో నేను ఆమెకు ఒక్కసారి కూడా చాయ్ పెట్టి ఇవ్వలేదు. ఈ నెల రోజులుగా సమ్మె శిబిరంలో రెండువందల మందికి పెడుతున్నాను. పాలు ఎప్పుడు పొయ్యాలో, అల్లం ఎప్పుడు వెయ్యాలో తాహెరాబీ నేర్పింది. నేర్చుకోవడానికి ఒక్క పూట పట్టింది. మంచి చాయ్ వస్తుందని ఆ రోజు శంకరవ్వకు చెప్పింది కూడా నేనే. చెప్పకపోతే ఆమె ఆ కాగితం కప్పే తాగి ఉండేది. ఏదో ఒకటి గొంతులో పడేది. ఈ తప్పు నాది, తమ మీద వేయను. కాని నా తప్పును, తమ తప్పును కలిపి ఆమె పేరు మీద రాసి ఫైలు మూశారు. దానికి నేను ఒప్పుకోను.

కావున నేను కోరునది ఒక్కటే. రాయితీ అక్కరలేదు. విచారం తెలుపుతూ ఉత్తరం అక్కరలేదు. "నిరాకరించినది" అన్న వాక్యం కొట్టివేసి, ఆ స్థానంలో ఈ కింది మూడు వాక్యాలు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇవ్వవలెను:

ప్రయాణికురాలు మరిగించిన చాయ్ అడిగినది. ఓడలో ఉన్నది. ఇవ్వలేదు.

బాబా మియా పేరు పైన రాశాను. అతను ఎవరి చాయ్‌నీ దొంగిలించలేదు, తన వంతు గిలాస తెచ్చాడు. అతని ఉద్యోగానికి ఏమైనా జరిగితే నా తదుపరి అర్జీ దాని గురించే ఉంటుంది.

ఇంతకు ముందు చిత్తగించని పక్షంలో ఇప్పుడైనా చిత్తగించవలెను.

ఈ ఒక్క వాక్యం విషయంలో తప్ప,
తమ విధేయుడు,
గుగ్గిళ్ల హన్మండ్లు, బి.ఏ.,
గ్రంథపాలకుడు, కోరుట్ల.

తా.క. ఈ కాగితం ఈ రోజే శ్రీశైలం చేతికి ఇస్తున్నాను, కనుక రేపు నేను వచ్చేసరికి అందలేదని అనవద్దు. బస్సులు లేవు, స్కూటరు మీద వస్తాను. తాహెరాబీ, ఇంకో పదకొండు మంది బీడీల ఆడవాళ్లు ఆటోల్లో వస్తున్నారు. మీ కార్యాలయం గేటు ముందు మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిస్తాను. నెల రోజులుగా రోడ్ల మీదే వంటావార్పు చేసి తింటున్నాం కాబట్టి మాకిది కొత్త కాదు, పోలీసులకూ కొత్త కాదు. పాలు, అల్లం, చాయ్‌పత్తా మేమే తెస్తాం. పది గంటలకు మరుగుతుంది. మొదటి గిలాస గేటు పక్కన గోడ మీద పెడతాను, అది శంకరవ్వది, ఎవరూ తీయవద్దు. రెండో గిలాస మీ బల్ల మీద పెడతాను. మీరు తాగితే తాగారని రాస్తాను. వద్దంటే వద్దన్నారని రాస్తాను, టైముతో సహా. ఏమీ అనకుండా పక్కన పెడితే, నిరాకరించారని మాత్రం రాయను. ఆగారని రాసి, మీరు తాగేదాకా ఎదురుగా కూర్చుంటాను.