మా ఇంట్లో జవాబు చెప్పేది నేనే

డిగ్లీపూర్,
ఉత్తర అండమాన్,
సోమవారం.

పోర్ట్ బ్లెయిర్, డైరీ ఫార్మ్ పేటలో పిల్లలకి చదువు సలహా చెప్పే ఆఫీసు వారికి,

గవరయ్య ఎవరి చేతా రాయించుకోకుండా సొంతంగా రాస్తున్నది.

మీరు పంపిన ప్రశ్నల కాగితం అందింది. తెలుగులో పంపమన్నాను, పంపారు. అది బాగుంది. ఫోను చెయ్యమని నంబరు కూడా వేశారు. నేను చెయ్యను. ఫోనులో అన్న మాట రేపు అనలేదంటారు. కాగితం మీదుంటే పట్టుకుని అడగొచ్చు.

మా మనవరాలు స్వాతి పన్నెండో క్లాసు పాసయింది. తల్లి దాని పసితనంలోనే పోయింది. తండ్రి, అంటే నా కొడుకు సూరయ్య, పోయిన వానల్లో డింగీ పడవ వేసుకుని చేపల వేటకెళ్లాడు. డింగీ ఒక్కటే తిరిగొచ్చింది. ఇప్పుడు ఇంట్లో నేనూ ఆ గుంటా, ఇద్దరమే. ఏ డిగ్రీలో చేర్చాలో నాకు తెలీదు. లక్ష్మీకుమారి టీచరుని అడిగితే "గుడ్డిగా చేర్చకు తాతా, తెలిసినవాళ్లని అడుగు. ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికెళ్లమా, ఇదీ అంతే" అంది. సరే అన్నాను. మీరేం చెబితే అది చేస్తాను. గవరయ్య మాటంటే మాటే, డిగ్లీపూర్‌లో ఎవర్నైనా అడగండి.

గుంట హిందీలో చదువుకుంది. తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం రాదు. అందుకని జవాబులన్నీ నా చేత్తో రాశాను. ఒక్క అబద్ధం లేదు.

ఇట్లు,
గవరయ్య

తా.క.: "మీ గురించి మూడు మంచి మాటలు రాయండి" అన్నచోట రెండే రాశాను. మూడోది ఎంత వెతికినా దొరకలేదు.

---

డైరీ ఫార్మ్, పోర్ట్ బ్లెయిర్.

గౌరవనీయులైన గవరయ్య తాతగారికి,

దీపిక నమస్కారాలు. ఈ ఆఫీసులో పిల్లలతో మాట్లాడి సలహా చెప్పేది నేనే.

తాతగారూ, ఆ జవాబులు చదివాక నాకు చాలా భయం వేసింది. మిమ్మల్ని కంగారు పెట్టాలని కాదు గానీ, ఒకసారి మీరే మళ్లీ చూడండి. ఇష్టమైన పని ఏదంటే "వల". అసలు ఇష్టం లేని పని ఏదంటే అదీ "వల". స్నేహితులు ఎవరంటే "పోయారు". తీరిక వేళ ఏం చేస్తారంటే "సముద్రం వైపు చూడను". మీ బలహీనత ఏమిటంటే "మోకాళ్లు". ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారంటే "బూడిదలో".

తండ్రి పోయిన దుఃఖం ఇంకా లోపలే ఉంది. ఒక్కోసారి మనసులో బాధ ఒంట్లోకి దిగుతుంది. ఆ మోకాళ్లు అందుకే అయ్యుంటాయి. స్వాతికి ఇప్పుడు కావలసింది డిగ్రీ కాదు, విశ్రాంతి. తనని ఒంటరిగా వదలకండి. మనసు సంగతి చూసే డాక్టరు ఇక్కడ ఉన్నారు, వీలైతే తీసుకురండి. ఈలోగా మీ ఊళ్లో నాకు తెలిసిన నర్సు రాధిక దీదీ వచ్చి చూసి వెళ్తుంది.

మీ మేలు కోరే,
దీపిక

తా.క.: మీ చేతిరాత నాకు కొరుకుడు పడకపోతే మా అమ్మ శేషమ్మ చదివి పెట్టింది. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు.

---

డిగ్లీపూర్,
శుక్రవారం.

అమ్మా దీపికా,

ఆ జవాబుల్లో అంత భయపడ్డానికి ఏటుందో నాకు అర్థం కాలేదు. మోకాళ్లు నొప్పెడితే నొప్పెడుతున్నాయనే రాస్తాం. స్నేహితులు పోతే పోయారనే రాస్తాం. బూడిద కాకపోతే మరేటవుతాం? మీ పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకేమైనా అవుతారా?

అయినా చదువుకున్నదానివి. ఇంటి పెద్ద రాసిన కాగితం చూసి ఇంట్లో పిల్ల జబ్బు కనిపెట్టేశావంటే మామూలు విషయం కాదు. నువ్వు జబ్బంటే జబ్బే. గుంటని మంచం దిగనివ్వడం లేదు. పుస్తకాలు అటక మీద పెట్టేశాను. కాలేజీ కాగితాలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. మోకాళ్లకి నూనె రాస్తానంటే కాళ్లు లాక్కుంటోంది.

"తాతా, నీకేమైనా పిచ్చా?" అంది.

"పిచ్చి నాకు కాదే, నీకు. డైరీ ఫార్మ్ నుంచి రాశారు" అన్నాను.

దాంతో నవ్వడం మొదలెట్టింది. ఆపదే!

ఇట్లు,
గవరయ్య

తా.క.: నీళ్లు మొయ్యడం, పొయ్యి అంటించడం అన్నీ నేనే. దాని విశ్రాంతి ఇంకో వారం సాగితే దానికి మోకాళ్లు బాగవుతాయేమో గానీ నాకు మాత్రం ఉండవు.

---

డైరీ ఫార్మ్, పోర్ట్ బ్లెయిర్.

గవరయ్య తాతగారికి,

దీపిక నమస్కారాలు. ఒక మాట సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ జవాబులు ఎవరివి?

రాధిక దీదీ మీ ఇంటికొచ్చి మోకాళ్ల గురించి అడిగితే స్వాతి "అవి తాతవి దీదీ. నాకేం లేదు. నన్ను మంచం దిగనిస్తే అదే పెద్ద మందు" అందట. మీరు వెనకనుంచి కేకలేస్తున్నా లేచి టీ పెట్టి ఇచ్చిందట. పకపకా నవ్వుతూ మాట్లాడిందట. ఆ కబురు వినగానే నా ప్రాణం కుదుటపడింది. తర్వాత తల పట్టుకున్నాను.

తాతగారూ, మేం అడిగింది స్వాతిని. మీరు చెప్పింది మీ గురించి. తప్పు నాది కూడా. పదిహేడేళ్ల పిల్ల "మోకాళ్లు" అని ఎందుకు రాస్తుందని నేనే ఆలోచించి ఉండాల్సింది.

కాలేజీల ఆఖరి తేదీ దగ్గర పడింది. దయచేసి పెట్టె తాళం తియ్యండి. స్వాతిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు మీరు చదవండి. తను చెప్పింది చెప్పినట్టు రాయండి. మధ్యలో మీ మాట ఒక్కటీ కలపొద్దు.

ఉంటాను,
దీపిక

తా.క.: మీ జవాబుల్ని బట్టి మా కంప్యూటరు చెప్పిన ఫలితం పారెయ్యడానికి మనసొప్పలేదు. మనుషులతో పని పడని ఉద్యోగం మీకు బాగా సరిపోతుందట. లైట్‌హౌస్ అయితే మరీ మంచిదట.

---

డిగ్లీపూర్.

అమ్మా దీపికా,

నీ ఉత్తరం చూసి ముందు కోపమే వచ్చింది. జవాబులు ఎవరివని అడుగుతావేటి? నావే. రేషను ఆఫీసులో నేనే చెప్పాను. ఓడలెక్కే జెట్టీలో టికెట్టు కిటికీ దగ్గర నేనే చెప్పాను. సూరయ్య సంగతి రాసుకోడానికి పోలీసులొచ్చినప్పుడూ గుంటని గదిలోకి పంపేసి నేనే చెప్పాను. పెద్దవాడుండగా పిల్లల్ని ముందుకు తొయ్యడం మా ఇంట్లో లేదు.

కానీ మాటిచ్చాను. అందుకని దాన్ని ఎదురుగా కూర్చోబెట్టాను.

"ఏం చదవాలనుందే?"

"నన్నే అడుగుతున్నావా?"

"ఇక్కడ ఇంకెవరున్నారే?"

"నీకేది బాగుంటే అది రాసుకో తాతా."

"అలా కుదరదంట. నీ మాటే కావాలంట. ఇష్టమైన పని చెప్పు."

"ఏమీ లేదు."

"స్నేహితులు?"

"ఫోన్లు చేస్తారు. నేను ఎత్తను."

"అదేటి? నర్సు దగ్గర అంత నవ్వు నవ్వావు!"

"నవ్వకపోతే నువ్వు అన్నం మానేస్తావు. నాన్న పోయినప్పుడు మానేశావుగా."

ఐదేళ్ల ప్రశ్న అడిగాను. చాపలో పుల్ల ఒకటి పీకింది. తర్వాత "అప్పటిదాకా ఉండాలని లేదు తాతా" అంది.

అది నవ్వుతూ అనలేదమ్మా.

నేను బూడిద అని రాశానంటే నా వయసుకి అది మామూలు మాట. దాని నోటంట వస్తే కాగితం పక్కన పెట్టేశాను. నా కాగితం అది చూడనేలేదు. నువ్వు నా జవాబులు చూసి దానికి జబ్బన్నావు. తర్వాత కాదన్నావు. ముందన్నదే నిజం.

ఆ మాట అన్నప్పటినుంచి దాన్ని ఒక్క క్షణం ఒంటరిగా వదల్లేదు. కాలేజీ కాగితాలు తెస్తున్నాను గానీ తేదీ పోతే పోనీ. ముందు ఆ డాక్టరుకి చూపించు. డిగ్రీ ఏదో అది నెమ్మదిగా చెబుతుంది. చెప్పేదాకా నేను కూర్చుంటాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. దాన్ని బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని నేనే తెస్తున్నాను. ఇదంతా నోటితో చెప్పడం నా వల్ల కాదు. నువ్వు చదివేసరికి గుంట నీ ఎదురుగా కుర్చీలో ఉంటుంది. నేను బయట మెట్ల మీద ఉంటాను. ఏం అడిగినా దాన్నే అడుగు.

ఇట్లు,
గవరయ్య

తా.క.: తలుపు గట్టిగా వేసెయ్యి. నాకు వినపడితే జవాబు నేనే చెప్పేస్తాను.