రెండు రేకుడబ్బాలు

చిట్టితల్లీ, మీ నాన్న గుండ్రాయిలా ఉన్నాడు, బెంగపెట్టుకోకు.

మందిరంలో చేరేటప్పుడు పావురాల పిచ్చి మానేస్తానని గురువుగారికి మాటిచ్చాను కదా, మానలేదమ్మా. రోజూ పొద్దున్నే, ఎవరూ లేవకముందే, మందిరం పెరట్లో రేకుడబ్బా గలగలలాడించి వాటికి గింజలు వేస్తున్నాను. నా జపమాల కూడా అలాంటి డబ్బాలోనే ఉంటుంది. నిన్న ప్రార్థనలో మాల తీద్దామని డబ్బా కదిపానో లేదో, కిటికీలోంచి పావురాలన్నీ బిలబిలా వచ్చి నా భుజాల మీద వాలాయి! అందరూ చేతులు జోడించారు. గురువుగారైతే కళ్లు తుడుచుకుని, “ఏమయ్యా, ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నావు? ఆదివారం నుంచి ప్రార్థన నువ్వే చేయించు” అన్నారు. నువ్వు పుట్టిననాడు తప్ప ఇంత ఆనందం ఎరగను తల్లీ! కానీ అవి వచ్చింది గింజల కోసం. లేక గింజల వంకతో దేవుడే పంపాడా? ఏమీ పాలుపోవడం లేదు. నిజం చెబితే పావురాలూ పోతాయి, ప్రార్థనా పోతుంది. చెప్పకపోతే ఆ పెద్దమనిషి ముఖం ఎలా చూడను?

మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? ఆవిడకు ఇది చదివి వినిపించకు, నవ్వుతుంది. మేడమీది నా పావురాల గూడు ఎవరికీ ఇచ్చేయకండి.

ఆదివారం డబ్బా పట్టుకెళ్లనా, మాల ఒక్కటే పట్టుకెళ్లనా? వెంటనే రాయి. అందాకా గొంతు పట్టేసిందని అందరికీ చెప్పి మఫ్లరు చుట్టుకుని తిరుగుతున్నాను.

పిల్లలకు ముద్దులు. నువ్వూ అల్లుడూ చల్లగా ఉండాలి.

నాన్న