ఒకే నంబరు మీద ఇద్దరం

జూన్ 3, మంగళవారం

అబ్బాయికి ఆ దగ్గు తగ్గిందో లేదో. ఫోనులో అడిగితే తగ్గిందమ్మా అంటాడు, ఆ మాట అంటూనే దగ్గుతాడు. కోడలి నడుము ఎలా ఉందో, బరువులెత్తొద్దంటే వినే రకం కాదు. మనవరాలికి కన్ను ఎర్రబడిందన్నారు, చుక్కలు వేస్తున్నారో మర్చిపోయారో. ఎదురింటి టీచరమ్మకి షుగరు ఎంతుందో. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, కొత్తగా రాసేదేమీ లేదు. ఇంక ఆయన. ఆయన గురించి రాద్దామనే ఈ నోటుబుక్కు తెరిచి, ఊరందరినీ పలకరించి వచ్చాను.

ఆయనకి లివర్లో గడ్డ. ఇంక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రి వాళ్ళు ఇక్కడికి పంపి పదకొండు రోజులైంది. ఇక్కడ జబ్బు తగ్గించరు, నొప్పి తగ్గిస్తారు. వచ్చినవాళ్ళలో లేచి నడిచి వెళ్ళినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. ఆ సంగతి ఆయనకి తెలియదు. ఒంట్లో బలం పట్టడానికి తెచ్చామని చెప్పాం. ఆయన చెవిన పడనివ్వకూడదని అబ్బాయీ నేనూ ఒట్టు వేసుకున్నాం. తెలిస్తే గుండె జారిపోయి ఆ ఉన్న నాలుగు రోజులూ ఉండరని నా భయం.

నర్సులు మారినప్పుడల్లా ముందే గుమ్మం దగ్గర పట్టుకుని చెబుతున్నాను. పొడుగు నర్సు విసుక్కుంది. బామ్మగారూ, నాలుగోసారి చెబుతున్నారు అంది. ఐదోసారి కూడా చెబుతాను.

జూన్ 5, గురువారం, మధ్యాహ్నం

కొత్త గండం వచ్చింది. ఒక పిల్ల, మెడలో కార్డు, చేతిలో ఫారాలు, పాతికేళ్ళు కూడా ఉండవు. రీసెర్చి అట. చివరి రోజుల్లో పేషెంటుకి ఏం కావాలి, ఇంట్లోవాళ్ళకి ఏం కావాలి అని అడిగి రాసుకుంటారట. పోయేవాళ్ళ దగ్గర కూడా పరీక్షలు పెడతారన్నమాట.

అవే ప్రశ్నలు ఆయన్ని విడిగా, నన్ను విడిగా అడుగుతారట. ఇద్దరికీ కలిపి ఒకటే నంబరు, నలభై ఒకటి. తరవాత రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి మా జవాబులు ఎంతవరకు కలిశాయో చూస్తారట. ఒకరు చెప్పింది రెండోవాళ్ళకి మాత్రం చెప్పరట.

ఆయన దగ్గరికి వెళ్ళావంటే ఊరుకోనని చెప్పాను. ఆ పిల్ల బెదరలేదు. పెద్దమ్మా, ఆయనకి తెలిసినంతవరకే నేను మాట్లాడతాను, కొత్త మాట నా నోటినుంచి రాదు అంది. అయినా అడ్డం నిలబడ్డాను. ఈలోగా లోపల్నుంచి ఆయనే కేకేశారు, ఎవరే అది, రానీ, గోడ మీద మచ్చలు లెక్కపెట్టడం కూడా అయిపోయింది అని.

జూన్ 6, శుక్రవారం

వచ్చింది. నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు తాతగారూ అని అడిగింది. పదకొండు వెయ్యి తల్లీ, మా ఆవిడ కూడా గదిలోనే ఉందిగా అన్నారు. ఇద్దరూ ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది.

తరవాత నన్ను టీ తెమ్మన్నారు. ఫ్లాస్కులో ఉందిగా అంటే అది మందుల కంపు, కింద క్యాంటీన్ టీ కావాలన్నారు. లిఫ్టు పని చెయ్యడం లేదు. నా మోకాళ్ళతో దిగి, వరసలో నిలబడి, ఎక్కి వచ్చేసరికి అరగంట. ఆ పిల్ల అప్పుడే పెన్నుకి మూత పెడుతోంది. ఆయన రెండు గుక్కలు తాగి కప్పు పక్కన పెట్టేశారు.

ఏం అడిగిందీ అంటే, మిషన్ల గురించి అన్నారు. నలభై ఏళ్ళు కుట్టు మిషన్లు బాగుచేసిన మనిషి, ఎవరు దొరికినా అదే పురాణం. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

జూన్ 9, సోమవారం

ఈవేళ నా వంతు. ఒక బల్ల, రెండు కుర్చీలు. బల్ల మీద ముందుగానే కాగితపు రుమాళ్ళ డబ్బా పెట్టి ఉంచారు, ఏడవక తప్పదన్నట్టు. నేను ఏడవలేదు.

ఆయన పరిస్థితి ఆయనకి తెలుసా అంది. తెలియదు అన్నాను. చివరి రోజుల్లో ఆయన ఎక్కడ ఉండాలనుకుంటారు అంది. ఇక్కడే అన్నాను. అది ఆయన చెప్పిన మాటా, మీరు అనుకుంటున్నదా అని అడిగింది. యాభై రెండేళ్ళు కాపురం చేశాను, ఆయన్ని అడిగి తెలుసుకోవాలా అన్నాను. సరే పెద్దమ్మా అని ఏదో రాసుకుంది. ఏం రాసిందో తలకిందులుగా చూశాను, అక్షరాలు అందలేదు. ఐదో క్లాసు చదువు తలకిందులుగా ఏం పనికొస్తుంది.

జూన్ 12, గురువారం

మళ్ళీ ఆ పిల్ల. మళ్ళీ నాకు టీ పని. ఈసారి ఉండబట్టలేక అనేశాను, ఈ వయసులో పెళ్ళాన్ని మెట్ల మీదకి తోలి ఆడపిల్లతో కబుర్లేమిటి అని. కుళ్ళుకోకే, నీదీ నాదీ ఒకటే నంబరు కదా, ఎక్కడికి పోతాను అన్నారు. నవ్వబోయి దగ్గులో పడిపోయారు. వీపు నిమిరాను. చేతికి ఎముకలే తగిలాయి.

టీ తేవడానికి వెళ్ళాను.

జూన్ 14, శనివారం

పొడుగు నర్సు వరండాలోకి పిలిచింది. కావాలంటే ఇంటికి తీసుకెళ్ళొచ్చట. మంచం వీళ్ళే పంపుతారట, వారానికి మూడుసార్లు నర్సు ఇంటికే వచ్చి నొప్పి మందు ఇస్తుందట. చాలామందికి సొంత గదిలో ఉంటే మనసు కుదుటపడుతుంది బామ్మగారూ అంది.

వద్దన్నాను. ఇంటికి పంపారంటే డాక్టర్లు చేతులెత్తేశారని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఇన్నాళ్ళు దాచిందంతా గుమ్మంలోనే బయటపడుతుంది. ఫోను చేస్తే అబ్బాయి కూడా నీ ఇష్టమే అమ్మా అన్నాడు. వాడెప్పుడూ అంతే, బరువు నా వైపు దొర్లించి నీ ఇష్టం అంటాడు.

పోనీ ఆయన్ని ఒక్కమాట అడిగి చూడనా అంది నర్సు. కయ్యిమన్నాను. పక్క గదిలో వాళ్ళు తలుపు తీసి చూశారు.

జూన్ 16, సోమవారం

పొద్దున్న ఉన్నట్టుండి అడిగారు, ఇంట్లో కిటికీ దగ్గర నా మిషన్ ఉంది కదా, ఎవరైనా దుమ్ము దులుపుతున్నారా అని. మీరు వచ్చాక మీరే దులుపుకుందురుగాని అన్నాను. నవ్వుతూనే అన్నాను. నా నవ్వు బాగానే ఉందనుకుంటాను.

కాసేపు నా మొహంలోకి చూశారు. సరేలే అని అటు తిరిగి పడుకున్నారు.

జూన్ 17, మంగళవారం

ఈవేళ టీ అడగలేదు.

జూన్ 19, గురువారం, ఉదయం ఎనిమిదింబావు

పోయారు. నిద్రలోనే. నేను పళ్ళు తోముకుని వచ్చేలోపు.

సెప్టెంబర్ 22, సోమవారం

మూడు నెలలుగా ఇది ముట్టుకోలేదు. రాయడానికి ఏముంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఈవేళ ఆ ప్రశ్నల పిల్ల ఇంటికి వచ్చింది. మనిషి పోయిన మూడు నెలలకి ఇంట్లోవాళ్ళని మరోసారి అడగాలట. కుర్చీ వేశాను. మంచినీళ్ళిచ్చాను. వచ్చినదాన్ని తిట్టలేం కదా.

నిద్ర పడుతోందా, తింటున్నారా, ఎవరైనా మాట్లాడటానికి ఉన్నారా. అన్నిటికీ చెప్పాను. తరవాత, ఆయనకి తన పరిస్థితి తెలుసని మీరు అనుకుంటున్నారా అంది. లేదు అన్నాను. ఆఖరి నిమిషం దాకా తెలియనివ్వలేదు, ఈ జన్మలో ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను, రాసుకో అన్నాను.

రాసుకోలేదు. పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. గ్లాసు తీసుకుని నీళ్ళన్నీ తాగింది. తరవాతి ప్రశ్న అంది.

ఆగు అన్నాను. ఆయనకి తెలుసా? అని అడిగాను. నేను చెప్పకూడదు పెద్దమ్మా అంది. తెలియకపోతే తెలియదని చెప్పడానికేం, చెప్పకూడనిది ఉంది కాబట్టే కదా చెప్పకూడదంటున్నావు అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. ఫారం మీద కన్నీటి చుక్క పడి అంతకుముందు రాసుకున్న నా జవాబొకటి అలుక్కుపోయింది.

నాకు అర్థమైపోయింది.

సెప్టెంబర్ 23, మంగళవారం

తెలుసు. మొదటి రోజునుంచీ తెలిసే ఉంటుంది. నన్ను టీకి పంపింది అందుకు. నా ముందు మాట్లాడితే నేనేమైపోతానో అని. నేను ఆయన్ని కాపలా కాస్తున్నాననుకున్నాను, ఆయన నన్ను కాపలా కాశారు. ఇద్దరు కాపలావాళ్ళం, మధ్యలో దొంగ దర్జాగా వచ్చి పట్టుకుపోయాడు.

మంచిదే అనుకుందామా. ఎంత ప్రేమ అని మురిసిపోదామా. నాకు మురిపెం రావడం లేదు. కోపం వస్తోంది. యాభై రెండేళ్ళు ఆయన బనీను ఎక్కడుందో ఆయనకి నేను చెప్పాను. ఆయన ఎక్కడ పోవాలనుకున్నారో మాత్రం మెడలో కార్డు వేసుకున్న పిల్లకి తెలుసు, దాని ఆఫీసులో ఇనప బీరువాకి తెలుసు. నాకు తెలియదు.

ఆయన్ని ఏం అనను. చెప్పబోయినప్పుడల్లా నోరు మూయించింది ఎవరు. ఆ మిషన్ మీద దుమ్ము అడిగిన రోజు ఆయన దుమ్ము గురించి అడగలేదు. ఇల్లు అడిగారు. అవునో కాదో. నేను అలా అనుకుంటున్నానేమో. ఇక్కడే బాగుంది, నొప్పి తెలియడం లేదు అని కూడా రాయించి ఉండొచ్చు. అలా రాయించి ఉంటే బాగుండు.

అన్నం సయించలేదు. అబ్బాయికి చెబితే, వదిలెయ్యమ్మా, ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావు అన్నాడు. నీకు భయం అన్నాను. నీకు లేదా అన్నాడు. చిత్రం ఏమిటంటే, ఉప్పు దగ్గర్నుంచి దేనికీ నాతో ఏకీభవించని కోడలు, అడగండత్తయ్యా, అడక్కపోతే రోజుకో జవాబు మీరే రాసుకుని చస్తారు అంది. దాని నోటికి నమస్కారం. నిజం చెప్పింది.

సెప్టెంబర్ 27, శనివారం

రీసెర్చి పెద్ద డాక్టరుగారికి ఉత్తరం రాశాను. మూడు కాగితాలు చింపాక నాలుగోది కుదిరింది. మా ఆయన ఏం చెప్పారో నాకు కావాలి, ఆయన పోయినవాడు, నేను ఉన్నదాన్ని, అని రాశాను. సంతకం కింద నంబరు నలభై ఒకటి అని కూడా వేశాను. కోడలు పోస్టులో వేసింది.

అక్టోబర్ 2, గురువారం

జవాబు లేదు. ఉత్తరం అందలేదేమో. అంది చింపేశారేమో. ఆ పిల్ల ఉద్యోగం నావల్ల పోయిందేమో, ఇప్పుడు అదొక దిగులు.

అక్టోబర్ 7, మంగళవారం, సాయంత్రం నాలుగు

డాక్టరుగారే ఫోను చేశారు. ఆడమనిషి, మెల్లగా మాట్లాడతారు. ముందు ఆ పిల్ల ఉద్యోగం ఉందా అని అడిగాను. ఉందన్నారు.

ఫారం చివర ఒక ప్రశ్న ఉంటుందట, మీ తరవాత ఇవి ఇంట్లోవాళ్ళకి చూపించవచ్చా అని. అవును, కాదు, ఏదో ఒకటి టిక్కు పెట్టాలి. ఆయన రెండూ పెట్టలేదట. పక్కన ఖాళీలో ఆ పిల్లచేత రాయించారట. ఆవిడ అడిగితేనే చూపించండి, అడక్కపోతే వద్దు, బతకనివ్వండి, అని.

అందుకే నేను అడిగేదాకా ఎవరూ నోరు విప్పలేదట. ఇప్పుడు నా ఉత్తరం చూసి, ఇలాంటివి తేల్చే వాళ్ళ కమిటీ ఒప్పుకుందట. ఫోనులో చదివేది కాదమ్మా, ఓసారి వస్తారా అన్నారు.

వస్తానన్నాను. బతకనివ్వండి అంటే ఏమిటి అర్థం? అందులో ఏం రాయించి ఉంటే నేను బతకలేననుకున్నట్టు? పోతూ పోతూ కూడా నాకో దిగులు రాసిపెట్టి పోయారు మహానుభావుడు.

అక్టోబర్ 8, బుధవారం

అబ్బాయి రానన్నాడు. కోడలు వస్తానంది.

ఇక్కడే అని రాయించి ఉంటే చదివి లేచి వస్తాను. ఇంటికి అని ఉంటే ఆ కుర్చీలోంచి ఎలా లేవాలో ఇంకా ఆలోచించలేదు.

సోమవారం, పదమూడో తారీఖు, పదిన్నరకి.