చన్నీళ్ళ బేసిన్లు

అమ్మా,

పరీక్షలు బాగా రాయమని నువ్వు పంపిన కార్డు అందింది. తెరిస్తే పాట పాడే కార్డు కొన్నావు కదా, డార్మిటరీ పిల్లలంతా తెరిచి మూసి, తెరిచి మూసి, రెండో రోజుకే దాని గొంతు పోగొట్టారు. లోపల నువ్వు రాసిన వాక్యం మాత్రం అలాగే ఉంది: "నిద్రను నమ్మకు, పుస్తకాన్ని నమ్ముకో." ఆ కార్డు దిండు కింద పెట్టుకున్నాను గానీ తీసి చూడలేకపోతున్నాను.

ఈ ఉత్తరం బడి నుంచి పంపితే డిప్యూటీ మేడమ్ విప్పి చదువుతుంది. అందుకే మన ఊరి మటాటు వ్యాను కండక్టర్ వాంజాలా చేతికి ఇస్తున్నాను. చదివాక నువ్వు నన్ను ఏమన్నా సరే, చదివేదాకా మాత్రం ఓపిక పట్టు.

నా స్నేహితురాలు అపోండి ఆసుపత్రిలో ఉంది. సెలవుల్లో మనింటికి వచ్చినప్పుడు నువ్వు చేసిన చిలగడదుంపలు తిని, మన పొయ్యి పక్క నుంచి కదలనని కూచున్న సరస్సు వైపు పిల్ల, గుర్తుందా? ఆమె అక్కడ పడుకోవడానికి కారణం నేనే. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు.

అసలు పరీక్షలకి ముందు పెట్టిన మాక్ పరీక్షల్లో మా క్లాసు సగటు దిగజారింది. మార్కుల పట్టిక భోజనాల హాలు తలుపుకి అంటించారు. గిథేరి గుగ్గిళ్ళ పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరూ మమ్మల్ని చదివి మరీ లోపలికి వెళ్ళేవాళ్ళు. ప్రిన్సిపల్ మేడమ్ ప్రార్థన దగ్గర, "ఫోర్త్ ఫారం పిల్లలు ఇక్కడికి చదవడానికి వచ్చారా, దుప్పట్లు అరగదీయడానికి వచ్చారా?" అంది. డార్మిటరీ కెప్టెన్‌ని నేను. ఆ మాట నాకే తగిలింది.

ఆ సాయంత్రం క్లాసులో రోజుకి ఎంతసేపు తిరిగి చదవాలన్న వాదన వచ్చింది. ఒకరు ఆరు గంటలంటే ఇంకొకరు ఎనిమిదన్నారు. అపోండి గోరు చుట్టూ తోలు కొరుక్కుంటూ, "నాకు రెండు చాలు. ఒక పాఠం చదువుతా, పుస్తకం మూసేస్తా, గోడకి చెప్తా. గోడకి అర్థమైతే పడుకుంటా" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే పట్టికలో ఆమె పేరు నా పేరుకి పైన ఉంది. ఎనిమిది గంటలు చదివే నేను కింద, రెండు గంటలు చదివి గోడతో కబుర్లు చెప్పే పిల్ల పైన. నాకు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టు అయింది. దీని పేరు మార్చి చెప్పను, అసూయే.

అప్పుడు నీ బేసిన్ గుర్తొచ్చింది. సెలవుల్లో నేను చదువుతుంటే నువ్వు బల్ల కింద చన్నీళ్ళ బేసిన్ పెట్టేదానివి. అందులో కాళ్ళు పెడితే నిద్ర ఎలా వస్తుందో చూద్దామనేదానివి. ఆ సంగతి పిల్లలకి చెప్పాను. గంట కొట్టకముందే అందరూ లేవాలని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని చదవాలని, కెప్టెన్‌గా నాదే ఆజ్ఞ అని చెప్పాను. మా క్లాసులో అందరికంటే వెనకబడ్డ నలియాకా అయితే బేసిన్లు నింపే పని తన మీద వేసుకుంది. ఎల్గాన్ కొండ కింద పొద్దుటి నీళ్ళ సంగతి నీకు తెలుసు కదా, ఎముకల దాకా కొరుకుతాయి.

అపోండి రానంది. ఆమె ఎప్పుడూ రెండు జతల మేజోళ్ళు వేసుకునేది, వంటింట్లో బతిమాలి వేడినీళ్ళు తెచ్చుకుని స్నానం చేసేది, నీళ్ళ సీసా చంక దింపేది కాదు. మేం ఆమెకి రాణిగారని పేరు పెట్టాం. నేను వెళ్ళి దుప్పటి లాగేశాను. "రాణిగారికి చలి వేస్తోందట, ఎవరైనా ఎండ తెచ్చి పెట్టండే" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆమె లేచి వచ్చి కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ఆ తరవాత రోజూ పెట్టింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు కదా, నేను ఆమె ఎదురుగా కూచుని కెమిస్ట్రీ చదువుకున్నాను.

అసలు మాట ఇంకా చెప్పలేదు. ఒకరోజు ఆమె కాళ్ళు నొప్పులంది, నడవలేకపోతోంది. మేట్రన్ గది దాకా నేనే తీసుకెళ్ళాను. బయట బల్ల మీద కూచోబెట్టి లోపలికి వెళ్ళాను. పరీక్షల ముందు ఇక్కడ సగం మంది జబ్బు నటిస్తారు, అందుకని మేట్రన్, "నువ్వు కెప్టెన్‌వి, నువ్వే చెప్పు. నిజం నొప్పేనా, పొద్దుటి చదువు ఎగ్గొట్టే నొప్పా?" అని అడిగింది. నేను, "చదవడం బరువై ఊరికే అంటోందమ్మా" అన్నాను. ఎందుకన్నానో తెలుసా? ఒక్కరు తప్పించుకుంటే మిగతావాళ్ళూ లేవరని. ఇంకో కారణం పైనే చెప్పాను. మేట్రన్ రెండు మాత్రలిచ్చి పంపేసింది.

మర్నాడు భోజనాల హాల్లో పడిపోయింది. అమ్మా, ఆ అరుపు నేను మాటల్లో పెట్టలేను. ఆసుపత్రిలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు అన్నారు. పుట్టినప్పటి నుంచీ ఉందట. చలి తగలకూడదు, నిద్ర చెడకూడదు, నీళ్ళు బాగా తాగాలి. పాత బడిలో ఈ జబ్బు తెలిసి ఆమెని మాటిమాటికీ ఇంటికి పంపేసేవాళ్ళట, అందుకని ఇక్కడ ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. మేం నవ్విన మేజోళ్ళు, వేడినీళ్ళు, సీసా, అవన్నీ ఆమె మందులే. ఇప్పుడు రక్తం ఎక్కిస్తున్నారు. పరీక్ష సంగతి తరవాత, ముందు బతకనివ్వండి అన్నాడట డాక్టరు.

మేట్రన్‌ని ప్రిన్సిపల్ పిలిచి గట్టిగా చివాట్లు పెట్టింది. అయినా మేట్రన్ నా పేరు చెప్పలేదు. వరండాలో ఎదురుపడితే ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

నేను ఒకటి అనుకున్నాను. అపోండి రాయలేని పరీక్ష నేనూ రాయను. నువ్వు వచ్చి నన్ను తీసుకెళ్ళిపో.

నీ నెలీమా

*

నా బంగారు తల్లీ, నెలీమా,

వాంజాలా నీ ఉత్తరం ఇచ్చేసరికి అరటి గెలల బేరంలో ఉన్నాను. నడి సంతలో నిలబడే చదివాను. పక్క అంగడి ఆమె, "ఏమ్మా, ఎవరు పోయారు?" అని అడిగింది. ఎవరూ పోలేదు, దేవుడి దయ అన్నాను.

నేను నిన్ను తిడతాననుకున్నావు. తిట్టేది ఉంది, ఆగు. ముందు ఆ బేసిన్ ఎవరిదో చెప్పు. నాది. నీకు కునుకు వస్తుంటే నీళ్ళు మార్చి తెచ్చిన చెయ్యి కూడా నాదే. నేను ఏడో తరగతితో ఆగిపోయాను కదా, ఎంత చదివితే చాలో నాకేం తెలుసు? నీ కళ్ళు ఎర్రబడితే చదువు వంటబట్టిందనుకునేదాన్ని. సంతలో మా అమ్మాయి నిద్రే పోదని గొప్పలు చెప్పుకునేదాన్ని. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను తీసుకుంటున్నాను, అందులో నువ్వు చెయ్యి పెట్టకు.

ఇక తిట్టు. పరీక్ష రాయనంటావా? నీకు నువ్వే శిక్ష వేసుకుని, నువ్వే అనుభవించి, నువ్వే విడుదలైపోదామనా? నువ్వు ఇంటికొచ్చి మూల కూచుంటే ఆ పిల్ల ఒంట్లోకి చుక్క రక్తం వస్తుందా? పోయిన రోజులు తిరిగొస్తాయా? ఇది ప్రాయశ్చిత్తం కాదు, పారిపోవడం. ఇంకోసారి ఆ మాట రాస్తే వచ్చి తీసుకెళ్తాను, అయితే చెవి పట్టుకుని తీసుకెళ్తాను.

నిన్న అంగడి మూసి ఆసుపత్రికి వెళ్ళాను. నాటుకోడి పులుసు, ఉగాలి ముద్ద కట్టుకుని వెళ్ళాను. పిల్ల నిద్రపోతోంది, నొప్పి తగ్గిందట, జ్వరం లేదు. వాళ్ళమ్మ మంచం పక్క చాప వేసుకుని కూచుని ఉంది. ఒంటి నిండా ఎండుచేపల వాసన, కబురు అందగానే ఆరబెట్టిన చేపలు ఆరబెట్టినట్టే వదిలేసి వచ్చేసిందట. నేను నెలీమా వాళ్ళమ్మనని చెప్పాను. బేసిన్ ఆలోచన మా ఇంటి నుంచే వచ్చిందని చెప్పాను. ఆమె చాప మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. ఇద్దరం కూచున్నాం. "దానికి జబ్బుందని బడికి చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకుంది, నేను ఒప్పుకున్నాను" అంది ఆమె. ఆ తరవాత పులుసు తింది.

మేట్రన్ గదిలో నువ్వు అన్న మాట మాత్రం నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. అది నీ నోటితో అన్న మాట, నీ నోటితోనే చెప్పాలి. పిల్లకి చెప్పు, మేట్రన్‌కి చెప్పు, మీ పెద్ద మేడమ్‌కి చెప్పు. ఆ తరవాత పరీక్షకి కూచో.

కార్డులో నేను రాసిన వాక్యం కొట్టెయ్. నిద్రపో తల్లీ.

అమ్మ

*

అమ్మా,

ముందు మంచి మాట. అపోండి ఇవాళ మొదటి పరీక్ష రాసింది. ఆసుపత్రి మంచం మీదే, పక్కన పర్యవేక్షకురాలు, ప్రశ్నపత్రానికి కాపలాగా తలుపు దగ్గర తుపాకీతో పోలీసు. అదనపు కాగితాలు అడిగిందట కూడా. ప్రిన్సిపల్ మేడమ్ వచ్చి చెబితే హాలంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, చేతులు కళ్ళ మీద ఉన్నాయి.

ఇక మిగతాది చెప్తాను. మేట్రన్ దగ్గరికి ముందు వెళ్ళాను. ఆమె చెయ్యి ఆపకుండా దుప్పట్లు మడతపెడుతూ విని, "అడిగింది నేను కదమ్మా. నొప్పి ఉన్నదాన్ని వదిలేసి పక్కదాన్ని అడిగాను" అంది. ఆ తరవాత ఇద్దరం కలిసి ప్రిన్సిపల్ గదికి వెళ్ళాం. మేడమ్ నా కెప్టెన్ బ్యాడ్జి తీసి సొరుగులో పెట్టేసింది. అరవలేదు. భోజనాల హాలు తలుపు మీది పట్టిక కూడా మర్నాటికి కనబడలేదు.

పరీక్షల ముందు ఆదివారం ప్రార్థనలయ్యాక, కార్డులు ఇవ్వడానికి కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక నేను వెనక ఉండిపోయాను. అపోండి సన్నబడింది, కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. నోరు మాత్రం తగ్గలేదు.

"ఏం కెప్టెన్, పాట పాడే కార్డు తెచ్చావా, మామూలుదేనా?" అంది.

"మామూలుదే. కెప్టెన్‌ని కూడా కాను ఇప్పుడు."

"పిసినారివి మాత్రం అలాగే ఉన్నావు."

నేను దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయాను. "మేట్రన్ గదిలో నేను ఒక మాట అన్నానే..." అని ఆగిపోయాను.

"చదవడం బరువై ఊరికే అంటోందమ్మా" అంది అపోండి, అచ్చం నా గొంతుతో. "బయట బల్ల మీద కూచున్నానే. కాళ్ళు నొప్పి గానీ చెవులు బాగానే ఉన్నాయి."

ఇన్ని రోజులూ ఆమెకి తెలుసమ్మా.

"ఎదురుచూస్తున్నా. నువ్వు చెప్తావా, మీ అమ్మ చేత కోడి పులుసు పంపించి ఊరుకుంటావా అని."

"మరి అప్పుడే లోపలికొచ్చి నా చెంప పగలగొట్టలేదేం?"

"కొడితే జబ్బు సంగతి బయటపడేది. ఇంటికి పంపేసేవాళ్ళు. నీ అబద్ధం నాకు పనికొచ్చింది. రెండు మాత్రలు మింగి, హమ్మయ్య అనుకుని వచ్చేశా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గుండె మీద బండ ఎవరో దించినట్టు, హాయిగా ఏడ్చేశాను. ఆమె కాసేపు చూసి, "అంత హాయిగా ఏడవకు" అంది. "నా తప్పు నాది. నీది నేను తీసెయ్యలేదు. నాకు జబ్బుందని నీకు తెలీదు, సరే. నొప్పిగా ఉందని తెలుసుగా."

అమ్మా, నాకు పడ్డ శిక్షల్లో అదే పెద్దది. అది సబబుగా ఉంది కాబట్టి మోస్తున్నాను.

ఆ తరవాత నా బయాలజీ పుస్తకం లాక్కుని దిండు కింద పెట్టేసింది. "మూత్రపిండం ఏం చేస్తుందో చెప్పు. నేనే గోడని" అంది. ఆ పేజీ నేను ఎన్ని పొద్దులు చదివానో లెక్కలేదు. రెండు వాక్యాలు చెప్పి నిలబడిపోయాను. ఆమె డొక్క పట్టుకుని నవ్వింది, నవ్వితే నొప్పట. "ఎనిమిది గంటల కెప్టెన్! పాదాలు తడిశాయి గానీ తల తడవలేదే" అంది. వాళ్ళమ్మ చాప మీద నుంచి, "నెమ్మదిగా నవ్వవే" అని కసిరింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది. ఆ రోజు నేర్చుకున్నది ఇంకా మరిచిపోలేదు.

ఇదంతా అయిపోయిందనుకున్నాను. ఇవాళ పొద్దున పరీక్షకి ముందు మొహం కడుక్కుందామని డార్మిటరీ వెనక్కి వెళ్తే, కుళాయి దగ్గర నలియాకా కూచుని ఉంది. కాళ్ళు బేసిన్‌లో, ఒళ్ళో పుస్తకం, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అందరూ మానేశారు కదే" అన్నాను.

"వాళ్ళు తెలివైనవాళ్ళు కెప్టెన్" అంది. ఇంకా నన్ను అలాగే పిలుస్తోంది. "నాకు ఇది కూడా లేకపోతే ఏముంది? నిద్రపోయేవాళ్ళు ఫెయిలవుతారని నువ్వే అన్నావుగా."

అన్నాను. వాళ్ళ ముందు మంచం ఎక్కి నిలబడి మరీ అన్నాను.

నీళ్ళు పారబోశాను. నువ్విచ్చిన లెసో గుడ్డ నడుముకి చుట్టుకుని ఉన్నాను, అది విప్పి ఆమె కాళ్ళు తుడిచాను. వేళ్ళు చచ్చుబడి ఉన్నాయి, చేతులతో రుద్దాను. మేట్రన్ గదిలో నేను ఏమన్నానో అప్పుడు ఆమెకీ చెప్పాను. విందో లేదో తెలియదు, పుస్తకం మూసి నా భుజం మీద తల పెట్టి అలాగే నిద్రపోయింది. గంట కొట్టేదాకా నేను కదల్లేదు.

గంటకి ఉలిక్కిపడి లేచి, కంగారుగా నా చెయ్యి పట్టుకుని, "ఎంతసేపు పోయింది కెప్టెన్?" అని అడిగింది.

ఏమీ పోలేదు, పద, టీ తాగుదాం అన్నాను.

నీ నెలీమా