ఒంటరి ఈగల నిద్ర

నవంబర్ 4, సోమవారం

ఈగల్ని విడదీశాను. సగం ఒక్కో గాజు గొట్టంలో ఒక్కొక్కటిగా, మిగతా సగం గుంపులుగా. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు. ఎండలు తగ్గాక గైడ్ గారిని బతిమాలి, యూనివర్సిటీ నుంచి గిద్దలూరు దాకా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

నా పరిశోధన పేపర్లో చెప్పింది ఇది. వారం పాటు ఒంటరిగా ఉంచిన ఈగకు నిద్ర తగ్గుతుంది. మళ్లీ గుంపులో కలిపినా ఆ నిద్ర తిరిగి రాదు. మొదటి సగం అందరికీ తెలిసిందే. రెండో సగం నాది. జర్నల్ రివ్యూయర్ నమ్మలేదు, మళ్లీ చేసి చూపించమన్నాడు. నెలాఖరు గడువు. ఫెలోషిప్ అయిపోయింది, ల్యాబ్‌లో నా బెంచీ ఇంకొకరికి ఇచ్చేశారు. అందుకే ఇక్కడ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పుకుంటూ, అద్దె గదిలో ఈ పని.

నిజం రాయాలంటే, ఈసారి నా ఫలితం తప్పని తేలితే బాగుండని ఉంది. పేపర్ పోతుంది. పోనీ.

నవంబర్ 5

మూడింటికే మెలకువ. మళ్లీ.

నవంబర్ 7

ఈగలకు మేత వండాను. జొన్నపిండి, బెల్లం, ఈస్ట్. ఆ వాసనకు ఇంటి ఓనరు రత్నమ్మ వచ్చి ఎవరికని అడిగింది. ఈగలకన్నాను. ఈగల్ని తోలుకోలేక మేం చస్తాంటే నువ్వు వండిపెడతాండావా తల్లీ అని గడపలోనే కూలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులకు.

గదిలో పురుగుల మందు కొట్టొద్దని గట్టిగా చెప్పాను. సరేనంది. వెళ్తూ వెళ్తూ, రాత్రంతా నీ లైటు వెలుగుతానే ఉంటది, నిద్ర పట్టదా, నేనూ ఒక్కదాన్నే, నువ్వూ ఒక్కదానివే, మా ఇంట్లోకి వచ్చి పండుకోరాదా అంది. ఎవరైనా ఉంటే నాకు నిద్ర పట్టదు పెద్దమ్మా అన్నాను. హాస్టల్లో ఆరేళ్లు నలుగురి మధ్య పడుకున్నదాన్ని. ఆ అబద్ధం ఎందుకాడానో తెలియదు.

నవంబర్ 10, ఆదివారం

రత్నమ్మ చర్చిలో నా పేరు చెప్పి, ప్రసన్న ఈగల కోసం అని ప్రార్థన చేయించిందట. పాస్టరు గారు రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నారట.

నవంబర్ 11

ఒంటరి ఈగల్ని గుంపుల్లో కలిపాను. గుర్తు కోసం వాటి వీపు మీద తెల్ల చుక్క పెట్టాను. పాత ఫోన్‌ని స్టాండుకు బిగించి వీడియో ఆన్ చేశాను. ఐదు నిమిషాలు కదలకపోతే నిద్ర అని లెక్క. ఆ లెక్క ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ చూసుకుంటుంది. ప్రోగ్రామ్ రాసింది నేనే.

స్టాఫ్‌రూంలో మ్యాథ్స్ శ్యాంసన్ సార్‌కి చెప్పాను. ఆయన తీరిక దొరికితే ప్రధాన సంఖ్యల మీద ఏదో రాసుకుంటూ ఉంటారు. అదేమిటని ఆయన్నీ ఎవరూ అడగరు. ఎప్పటికీ నిద్ర రాదు అంటాండారా మేడం, ఎప్పటికీ అనేది మా దగ్గర శానా పెద్ద మాట, ఒక్క ఈగ పండుకుందంటే చాలు, మీ సిద్ధాంతం కొట్టేస్తాం అన్నారు. మాకు ఒక్కటి లెక్కలోకి రాదు సార్, వందలు కావాలి అన్నాను. ఏం బతుకు మేడం మీది అని జాలిపడ్డారు.

నవంబర్ 13

మిగతావి పడుకున్నాక కూడా చుక్క ఈగలు వాటి మధ్యే తిరుగుతున్నాయి. నా పేపర్ నిజమయ్యేట్టుంది.

కాలేజీ నుంచి రాగానే గడియ వేసుకున్నాను. రత్నమ్మ పిలిచింది. పలకలేదు.

నవంబర్ 16

మార్కాపురంలో రెండు రోజుల ట్రైనింగ్. కరెంటు పోయి వస్తే వీడియో తీసే ఫోన్ ఛార్జర్ చూడమని తాళంచెవి రత్నమ్మకిచ్చాను.

నవంబర్ 18, సాయంత్రం 6

తలుపు తీయగానే పొగ వాసన. మంచం కింద దోమల కాయిల్ బూడిద. ఈగలన్నీ గొట్టాల అడుగున చచ్చి పడి ఉన్నాయి. దూది బిరడాలు పొగను ఆపవు.

మందు కొట్టొద్దంటివి, నేను కొట్టలేదమ్మా, దోమలకు నీకు నిద్ర పట్టడం లేదేమోనని నిన్న కాయిల్ పెట్టి కిటికీలు మూసినా అంది రత్నమ్మ. నువ్వొచ్చి హాయిగా పండుకుంటావనుకున్నా అంది. నేను అరిచాను. రెండేళ్ల పని అన్నాను. నా కోసం ఎవరూ ఏమీ చేయొద్దన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

నవంబర్ 19

మళ్లీ ఈగల్ని పెంచి నెలాఖరులోపు చేయడం కుదిరే పని కాదు.

ఉన్న వీడియోనే ప్రోగ్రామ్‌కు ఇచ్చాను. గ్రాఫ్ వచ్చింది. చుక్క ఈగలకు నిద్ర తిరిగొచ్చింది. ఆదివారం నుంచి గాఢనిద్ర. గుంపు మొత్తానికీ అంతే. ఐదు నిమిషాలు కదలకపోతే నిద్ర అని రాసింది నేనే కదా.

నేను కోరుకున్న ఫలితమే. కానీ అది చచ్చిన ఈగల నిద్ర. గ్రాఫ్ డిలీట్ చేసి, మళ్లీ చేసి చూపించలేకపోయానని ఎడిటర్‌కు మెయిల్ పెట్టాను. తర్వాత ఏడ్చాను. ఈగల కోసం కాదు. ఇంత జరిగినా ఫోన్ చేసి చెప్పుకోవడానికి ఒక్క పేరు తట్టలేదు.

చీకటి పడ్డాక రత్నమ్మ చాప, దిండు చంకన పెట్టుకుని వచ్చింది. నేను పిలవలేదు. నీ ఈగల్ని చంపినదాన్ని, ఎంతన్నా తిట్టు, తిట్టేదానికైనా ఎదురుగా మనిషుండాల గదా అని నా మంచం పక్కనే పరుచుకుంది. ఇప్పుడు గురక పెడుతోంది, మిక్సీ తిప్పినట్టు. ఈ చప్పుడులో ఇంక నిద్రేం పడుతుంది.

నవంబర్ 20

లేచేసరికి ఎనిమిదిన్నర. మొదటి పీరియడ్ పోయింది. చాప మడిచి మూలన పెట్టి ఉంది. తీసుకెళ్లలేదు.

శాంపిల్ ఒకటి. మా దగ్గర లెక్కలోకి రాదు. శ్యాంసన్ సార్ దగ్గర వస్తుంది.