సుశీల కాలిపర్‌కు కొత్త మరలు

ఏమండీ,

రేపు మీ సంవత్సరీకం. దానికి కావలసినవి చూసుకోవలసిన నేను వారమంతా ఒక్క స్క్రూ పట్టుకుని తిరిగాను. మన సుశీల పోలియో కాలికి ఊతంగా మీరు చేసిన ఇనుప కాలిపర్‌లో మోకాలి దగ్గరి స్క్రూ కన్నం లోపలి మరలు అరిగిపోయాయి. స్క్రూ ఎంత బిగించినా గిర్రున తిరుగుతోందే గాని పట్టడం లేదు. సోమవారం బడి మెట్ల మీద ఊడిపోయి పిల్ల పడింది. మోచేయి చీరుకుపోయింది.

బర్మామైన్స్ బజారులో షాపువాడు ఇంకాస్త లావు స్క్రూని బలవంతంగా తిప్పి, ఉన్న మరలు కూడా పోగొట్టాడు. పైగా, "కొత్తది కొనీరాదేటమ్మా?" అని సలహా. ఒళ్లు మండిపోయింది. మీరుంటే ఆ గుమ్మం ఎక్కేదాన్నా?

చివరికి మీతో పనిచేసిన అప్పారావు అన్నయ్య ఆ కన్నాన్ని ఇత్తడి కరిగించి పూడ్చి, మళ్లీ తొలిచి, కొత్త మరలు కోసి ఇచ్చాడు.

ఈ ఉదయం, మీరు పోయినప్పటినుంచీ చేస్తున్నట్టే, బిగిద్దామని సుశీల కాలి దగ్గర కూర్చున్నాను. అది నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుంది.

"ఛోడో అమ్మా, మై కర్ లూంగీ," అంది బడి హిందీలో, తనే బిగించుకుంటానని.

"నీకేటి తెలుసే?"

"నువ్వు వంకరగా ఎక్కిత్తావు. అందుకే మరలు పోనాయి. ముందు వేళ్లతో తిప్పాల. నాన్న ఆస్పత్రిలో నేర్పినాడు."

నేర్పినట్టే బిగించుకుని, బడికి వెళ్లిపోయింది.

అయితే ఆస్పత్రిలో రోజూ నన్ను టీ కోసం కిందికి పంపి, మీరిద్దరూ చేసిన పని అదన్నమాట. ఇంక ఇంటికి రానని మీకు అప్పటికే తెలుసు. దానికి చెప్పినట్టు, నాకూ ఒక మాట చెప్పి ఉండకూడదా?