ఎవరూ రాకూడని పుట్టినరోజు

కొత్తపేట

చిరంజీవి తమ్ముడు ఫిలిప్‌కి, అక్కయ్య సలోమి ప్రభువు నామంలో శుభాలు కోరి రాసేది.

నీ కాలి కట్టు ఎప్పుడు విప్పుతారు? ఫోను చూసుకుంటూ మెట్లు దిగితే ఇంతే మరి. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో చెబితే నీ మనవరాలు పింకీ స్పీకరు పెడుతుంది, సాయంత్రానికి సంగతి కుటుంబం గ్రూపులో ఉంటుంది. ఇది గుట్టుగా ఉండవలసిన విషయం.

వచ్చే నెల రెండో ఆదివారం నాకు డెబ్బై నిండుతాయి. పదిమందితో మధ్యాహ్నం భోజనం, అంతే. టెంటు వద్దు, మైకు వద్దు, ఫ్లెక్సీ అసలే వద్దు. ఇదంతా మా వీరవేణి కోసం. ఇద్దరం ఒకే బళ్ళో పాఠాలు చెప్పి, ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళం. చెవుడు వచ్చినప్పటి నుంచి అది ముక్తేశ్వరం దాటి రావడం లేదు. చెవిమిషను పెట్టుకుంటే ఒక్క మనిషి మాట బాగానే వినబడుతుందట, నలుగురు కలిస్తే సంతలో నిలబడ్డట్టు ఉంటుందట. ఏదో పెళ్ళిలో ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పిందని జనం నవ్వారు. అప్పటి నుంచి ఫంక్షన్లకి దణ్ణం పెట్టేసింది. బతిమాలితే, "జనం లేకపోతే వస్తానే" అంది. నాకు కావలసిన కానుక అదొక్కటే.

నువ్వు మాత్రం ఏ ఏర్పాటూ చెయ్యకు. నీకది కష్టమని తెలుసు, ప్రయత్నించు.

నీ మంచీ చెడ్డా ఎరిగిన అక్కయ్య,
సలోమి

తా.క.: నీ అరవయ్యో పుట్టినరోజుకి ఐదుగురినే పిలుస్తానని చెప్పి బ్యాండుమేళం పిలిచావు. అడిగితే, మేళంలో ఉన్నది ఐదుగురే కదా అన్నావు. నాకింకా గుర్తుంది.

---

విశాఖపట్నం

గౌరవనీయురాలైన అక్కయ్యకి, కాలు కదపలేని తమ్ముడు ఫిలిప్ వందనాలు.

నీ మాట అక్షరాలా పాటిస్తున్నాను. అయితే ఒక ప్రమాదం నీ బుర్రకి తట్టలేదు. మన సంఘంలో ఎవరి పుట్టినరోజైనా ఆదివారం ఆరాధనలో చదువుతారు. చదివారంటే సంఘమంతా భోజనానికి వచ్చినట్టే. అందుకని ముందు జాగ్రత్తగా శామ్యూల్ పాస్టరు గారికి ఫోను చేసి, ఎవరూ రాకుండా చూడమని చెప్పాను. కారణం మాత్రం చెప్పలేదు. గుట్టు కదా!

డాక్టరు ప్రయాణం వద్దన్నాడు, కనుక నేను రాలేను. ఇక్కడి నుంచే చేయగలిగింది చేస్తాను.

నీ విధేయుడు,
ఫిలిప్

తా.క.: పాస్టరు గారు "ఆయ్, నేను చూసుకుంటానండీ" అన్నారు. ఇక నువ్వు గుండెల మీద చెయ్యేసుకుని పడుకో.

---

కొత్తపేట

ఒరేయ్ ఫిలిప్,

శుభాలు తరవాత కోరతాను.

నిన్న ఆరాధనలో మీ పాస్టరు గారు మైకులో ఏమన్నారో విను. "సలోమి టీచరు గారి డెబ్బయ్యో పుట్టినరోజు వస్తోందండీ. దయచేసి ఆ ఇంటికి ఎవరూ వెళ్ళొద్దని కుటుంబం వారి మనవి." నేను మూడో వరసలో ఉన్నాను. నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

మన కోనసీమలో పిలవకపోతే మరిచిపోయారనుకుంటారు గానీ, రావద్దంటే ఊరుకుంటారా? మనిషికి జబ్బైనా చేసుండాలి, అలకైనా వచ్చుండాలి. సగం సంఘం జబ్బని తేల్చుకుంది, సగం అలకని. జబ్బన్నవాళ్ళు బత్తాయిలూ బ్రెడ్డూ పట్టుకుని పరామర్శకి వచ్చేరు. అలకన్నవాళ్ళు సంజాయిషీకి వచ్చేరు. స్త్రీల సమాజం లీలావతి గుమ్మంలోనే కళ్ళు తుడుచుకుంది. "మా వల్ల ఏం తప్పు జరిగిందండీ? కిందటి క్రిస్మస్‌కి మీ ఆకులో మాంసం ముక్కలు తక్కువ పడ్డాయనాండీ?"

కాఫీలు కలిపి కలిపి మా జాయ్ తన కాలేజీ ఉద్యోగానికి సెలవు పెట్టింది. కన్నతల్లినని కూడా చూడకుండా నావైపు ఎలా చూస్తోందో నీకు తెలియదు.

ఇక ఎవరికీ ఫోను చెయ్యకు.

సలోమి

తా.క.: నీ కాలికి కట్టు కట్టిన డాక్టరు నోటికి కూడా కట్టి ఉండవలసింది.

---

విశాఖపట్నం

దయగల అక్కయ్యకి, తలవంచుకున్న తమ్ముడు రాసేది.

తప్పు నాదే. కారణం చెప్పకపోవడం వల్లే ఇంత వచ్చింది. అందుకని పాస్టరు గారికి మళ్ళీ ఫోను చేసి, వీరవేణి గారి సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన కరిగిపోయారక్కయ్యా. "అయ్యో, ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ" అన్నారు.

ఇంకొక్క సంగతి. పరామర్శకి వచ్చినవాళ్ళని భోజనానికి పిలవకపోతే మన ఇంటి మర్యాద ఏమవుతుంది? అదీ ఆయనతో చెప్పాను. ఎండలో కూర్చోలేరని ఒక చిన్న టెంటు కూడా చెప్పాను. చప్పుడు మాత్రం ఉండదు. ఆ పూచీ పాస్టరు గారిది.

మైకు లేదు. చూశావా, నీ మాట నిలబెట్టాను.

క్షమించబడాలని కోరే
ఫిలిప్

తా.క.: ఫ్లెక్సీ సంగతి నాకు తెలియదు. యువజనుల మీద నాకు అధికారం లేదు.

---

కొత్తపేట

ఫిలిప్‌కి,

టెంటువాళ్ళు వచ్చి గుంతలు తవ్వి వెళ్ళారు. చిన్న టెంటన్నావు, పక్కింటి కొబ్బరిచెట్టుకి కూడా తాడు కట్టారు.

ఈసారి నవ్వుతూ రాయడం లేదు. వీరవేణికి చెబితే రాదు. చెప్పకపోతే గేటు దాకా వచ్చి, జనాన్ని చూసి, అదే ఆటోలో వెనక్కి పోతుంది. ఇంక జన్మలో నా మాట నమ్మదు. ఎదురుగా కూర్చుని దానితో ఒక పూట కబుర్లు చెప్పుకుని ఐదేళ్ళయింది. డెబ్బై వచ్చాక ఇంకెన్ని పూటలుంటాయిరా? నాకు ఏడుపొస్తోంది.

చివరికి ధైర్యం చాలక దానికి ఏమీ చెప్పలేదు.

అక్కయ్య

తా.క.: ఈసారి తా.క.లో ఏమీ లేదు.

---

కొత్తపేట

నా తమ్ముడు, నా ప్రాణం తీసే ఫిలిప్‌కి, నిన్నటితో డెబ్బై నిండిన అక్కయ్య శుభాలు.

జరిగింది చెబుతాను, కట్టున్న కాలు జాగ్రత్తగా పెట్టుకుని చదువు.

నిన్న ఉదయం ఆరాధనలో పాస్టరు గారు, "అందరూ వెళ్ళండి. కానీ సలోమి గారి స్నేహితురాలు వచ్చి వెళ్ళేదాకా ఒక్కరు కూడా నోరు విప్పకండి" అన్నారట. మనవాళ్ళు మాట తప్పుతారా? గుడి నుంచి తెల్లబట్టలతోనే తిన్నగా వచ్చి, టెంటు కింద తలలు వంచుకుని కూర్చున్నారు. ప్రార్థనలో కూడా గుసగుసలాడే లీలావతి పెదవి కదపలేదు. ముందు పాస్టరు గారు బైబిలు పట్టుకుని నిలబడ్డారు. నోటితో చెప్పలేనిదంతా యువజనులు ఫ్లెక్సీ మీద వేయించారు. నిలువెత్తు నా ఫోటో, చుట్టూ పువ్వులు.

అప్పుడు దిగింది వీరవేణి ఆటో.

తెల్లబట్టలు, టెంటు, ఫోటో, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మా జాయ్ ఎదురెళ్ళి, మాట్లాడకూడదు కనుక రెండు చేతులూ జోడించింది. ఇంకేముంది, వీరవేణి గేటు పట్టుకుని కూలబడిపోయింది.

"ఓ సలోమీ! పుట్టినరోజని పిలిచి ఇలా చేసేవేమే! వినబడదని నేనే రాలేదే! వినబడకపోతేనేం, నిన్ను చూసి పోవడానికైనా రావలసింది కదే!"

దాని ఏడుపు చూసి, లోపల నాకేమైనా అయిందేమోనని లీలావతికి అనుమానం వచ్చింది. అడగడానికి లేదు. అందుకని తనూ ఏడ్చింది. తనని చూసి వెనక వరసలూ అందుకున్నాయి.

నేను పెరట్లో గారెలు వేయిస్తున్నాను. ఏడుపులు విని, ఎవరికేమైందోనని జల్లిగరిటెతో పరుగెత్తుకొచ్చాను. వీరవేణి నన్ను చూసింది. ఫ్లెక్సీని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. లేచొచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"చచ్చినదానా! బతికే ఉన్నావా?"

అంతే, రెండొందలమంది నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. పొద్దుటి నుంచి బిగబట్టిన మాటలు కదా! గోల అలా ఇలా లేదు. అయిపోయింది, ఇక ఇది వెళ్ళిపోతుందనుకుని దాని చెయ్యి పట్టుకున్నాను.

వీరవేణి చెవిలో మిషను తీసి సంచిలో వేసుకుంది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఉండనియ్యే గోల. ఇందాకటి నిశ్శబ్దానికి నా గుండె ఆగినంత పనైంది. ఇక నుంచి వినబడినా, వినబడకపోయినా వస్తాను" అంది. చీకటి పడేదాకా కదల్లేదు. తనే మాట్లాడింది, నేను విన్నాను. నేనేమన్నానో దానికి ఎంత తెలిసిందో దేవుడికే ఎరుక, నవ్వవలసిన చోటల్లా మాత్రం నవ్వింది.

నీ మీద కోపం పోయింది. పూర్తిగా కాదు.

ప్రేమతో,
ఇంకా బతికే ఉన్న నీ అక్కయ్య

తా.క.: వీరవేణి గేటు దగ్గర ఏడుస్తూ, నాలాంటి మంచి మనిషి ఈ జిల్లాలో లేదంది, నా గారెల రుచి ఇంకెవరికీ రాదంది. బతికున్నానని తేలాక రెండు గారెలు తిని, ఉప్పు తక్కువంది.